మౌస్ కింద వాచీ

మా టీమ్‌లోకి ఆ కిటుకు తెచ్చింది నేనే. ఎవరూ అడగకుండానే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అడిగినప్పుడు చెప్పలేదు.

మా ఆఫీసు గచ్చిబౌలి దాటాక వచ్చే అద్దాల మేడల్లో ఒకటి. నేను పుట్టింది దానికి కూతవేటు దూరంలో ఉన్న ఖాజాగూడలో. నా చిన్నప్పుడు ఆ దిక్కున రాళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. పెళ్లయ్యాక మదీనాగూడకు వచ్చేశాను. వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, సోమవారం, శుక్రవారం ఇంటి నుంచే పని. ఇంటి నుంచి పని అనగానే చుట్టాలంతా నవ్వేవాళ్లు, హాయిగా పడుకుంటావులే అని. పడుకోనిస్తే కదా! ఆఫీసు చాట్‌లో ప్రతి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది. మౌస్ కదులుతున్నంతసేపు అది పచ్చగా ఉంటుంది. పది నిమిషాలు కదలకపోతే పసుపు రంగులోకి మారుతుంది. ఎవరి చుక్క ఎన్నిసార్లు, ఎంతసేపు పసుపయిందో కంప్యూటరే రాసుకుంటుంది. శుక్రవారం సాయంత్రం మీటింగులో మా మేనేజర్ ఆ జాబితా చదివేవాడు. కాకినాడ వైపు మనిషి, చాలా మర్యాదస్తుడు. ప్రతి పేరుకూ గారు తగిలించి మరీ చదివేవాడు. తిట్టేవాడు కాదు. పేరు చదివి, కాసేపు ఆగి, తర్వాతి పేరుకు వెళ్లేవాడు. ఆ ఆగిన కాసేపట్లో పదహారు మందీ ఊపిరి బిగబట్టి ఉండేవాళ్లం.

మొదట బలైంది ఒక బాలింత. సెలవు అయిపోయి కొత్తగా పనిలోకి వచ్చింది. వరసగా మూడు శుక్రవారాలు ఆమె పేరే ముందు చదివారు. "పాలివ్వనీకె గింతసేపా?" అని టీమ్‌లో ఒకామెతో నేనే అన్నాను. నాకూ ఇద్దరు పిల్లలున్నారు, పాలివ్వడానికి ఎంతసేపు పడుతుందో తెలియక అన్న మాట కాదు. ఆమె పేరు చదువుతున్నంత కాలం నా జోలికి రారన్న ధీమాతో అన్న మాట అది. నాలుగో వారం ఆమె ఉద్యోగం మానేసింది. ఎందుకు మానేసిందని ఎవరమూ ఫోన్ చేసి అడగలేదు.

ఆ తర్వాతి శుక్రవారం జాబితాలో మొదటి పేరు నాది. వంకాయలు మాడిపోకుండా చూసుకున్నందుకు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా చాకిరీ చేస్తున్నదాన్ని, చివరికి మౌస్ కదపలేదని పేరు చదువుతారా?

ఆ మంటలో ఉండగానే కిటుకు కంటబడింది. మా ఆయన స్నానానికి వెళ్తూ చేతి వాచీ విప్పి నా టేబుల్ మీద పెట్టాడు. నేను చూసుకోకుండా మౌస్‌ను దాని మీద ఆనించాను. చేయి తీసేశాక కూడా తెర మీద బాణం కదులుతూనే ఉంది. మౌస్ అడుగున ఎర్ర వెలుగు ఉంటుంది కదా, దాని కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ తానే కదులుతున్నానని అనుకుంటుంది. బాణం సన్నగా వణుకుతూ ఉంటుంది, చుక్క పచ్చగా ఉంటుంది. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

మొదటి రోజు అలా పెట్టి వంటింట్లోకి వెళ్లాను. కాసేపయ్యాక గది గుమ్మం దగ్గర నిలబడి తొంగి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద బాణం వణుకుతోంది. నా కుర్చీలో ఎవరో కూర్చుని నా పని చేస్తున్నట్టు అనిపించి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ మీదట నవ్వొచ్చింది, అలవాటైపోయింది కూడా. మా మేనత్త పోయిన మూడో రోజు ఖాజాగూడలో తలంటుకుని, తడి జుట్టుతో నిలబడి ఫోన్‌లో నా పేరు చూసుకున్నాను. పచ్చగా ఉంది. నేను ఇక్కడున్నాను, అక్కడ ఒకతి పని చేస్తోంది. ఇద్దరిలో ఎవరు అసలని ఆఫీసును అడిగితే ఆమెనే చూపిస్తుంది. ఆ ఆలోచన వచ్చాక ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక అతని సంగతి. అనంతపురం వైపు కుర్రాడు, కుర్రాడంటే ముప్పై అయిదుంటాయి. నన్ను అక్కా అనేవాడు. మా వీధికి రెండు వీధుల అవతల ఫ్లాట్‌లో ఒక్కడే ఉండేవాడు. భార్య వాళ్ల ఊరి దగ్గర సర్కారు బడిలో టీచర్, ఇటు బదిలీ దొరకలేదు. అతనికి తలనొప్పి వస్తుండేది. వస్తే కర్టెన్లు మూసి, కళ్ల మీద తడి తువ్వాలు వేసుకుని గంటసేపు పడుకోవాల్సిందే. రెండు శుక్రవారాలు అతని పేరు చదివారు. ఆ తర్వాత ఒక సోమవారం నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, తలకాయ పగిలిపోతాంది. పండుకుంటే పేరు చదువుతారు, కూచుంటే కండ్లు కనపడవు. ఏం చెయ్యల్ల?"

దవాఖానకు పో, బీపీ చూపించుకో అని అనొచ్చు. మా తోడబుట్టినవాడైతే అదే అనేదాన్ని. కానీ నేనేమన్నానంటే, "ముల్లు తిరిగే వాచీ ఉన్నదా ఇంట్ల?"

విషయం చెప్పాక పకపకా నవ్వాడు. "ఇంతేనా అక్కా! నువ్వు దేవతవి పో!" అన్నాడు. జబ్బున్న మనిషికి జబ్బును దాచిపెట్టుకునే దారి చూపించాను. ఆ రోజు అది నాకు సాయంలాగే కనిపించింది, గర్వపడ్డాను కూడా.

అతను ఇంకో ఇద్దరికి చెప్పాడు. వాళ్లు ఎవరికి చెప్పారో నేను అడగలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏదో ఫైలు దొరక్క గ్రూపులో అడిగాను. పదిహేను పేర్లూ పచ్చగా ఉన్నాయి. పావుగంట గడిచింది, ఎవరూ పలకలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను. అరగంట గడిచింది. అప్పుడు అర్థమైంది, అటువైపు ఎవరూ లేరని. వీధిలో ఇళ్లన్నిటిలో లైట్లు వెలుగుతూ ఒక్క ఇంట్లోనూ మనిషి లేనట్టుంది. తెర మీద ఆ పచ్చ చుక్కల వరసను చూస్తూ ఉండలేక లాప్‌టాప్ మూసేశాను. సాయంత్రం మేనేజర్ ఎంతో సంతోషంగా, "ఈ వారం జాబితాలో ఎవ్వరూ లేరండీ, చాలా థాంక్సండీ అందరికీ," అన్నాడు.

రెండు నెలల తర్వాత వచ్చింది ఆ సోమవారం. పొద్దున తొమ్మిదిన్నరకు మీటింగ్ మొదలై పది దాటి అయిదు నిమిషాలకు అయిపోయింది. అతను మాట్లాడాడు. తన భాగం సాయంత్రం అయిదింటికల్లా ఇచ్చేస్తానన్నాడు. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఆ గొంతులో తేడా ఏమీ దొరకదు. పదకొండింటికి ఏదో అడుగుతూ మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. చుక్క పచ్చగా ఉంది. తలనొప్పేమో, పడుకున్నాడేమో అనుకున్నాను. పన్నెండున్నరకు ఇంకోటి పెట్టాను. రెండింటికి మరొకటి. మూడింటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. నాకు కోపం నసాళానికి అంటింది. కిటుకు నేర్పింది నేను, దాన్ని నా మీదే వాడతాడా అని చెప్పులేసుకుని బయల్దేరాను, నాలుగు దులిపి వద్దామని.

తలుపు తీసింది అతనికి వంట చేసిపెట్టే ఆమె. ఇంటి తాళం ఒకటి ఆమె దగ్గరుండేది. గిన్నెలు కడిగి పోబోతోంది.

"సారు లోపటున్నడమ్మా, కంప్యూటర్ పని నడుస్తుంది. తలుపు సందులకెల్లి చూసిన. తెర ఎలుగుతున్నప్పుడు పిలవొద్దని చెప్పిండు."

"నువ్వెప్పుడొచ్చినవ్?"

"పన్నెండింటికే వచ్చిన. గింత శబ్దం గాకుండ వండిన."

మూడు గంటలు ఆ ఇంట్లో ఉండి ఆమె అతన్ని చూడలేదు. తెరను చూసింది, అంతే. నేను తలుపు నెట్టాను. కర్టెన్లు మూసి ఉన్నాయి. టేబుల్ మీద తెర వెలుగులో బాణం వణుకుతోంది, పక్కన వాచీ టిక్కుటిక్కుమంటోంది. అతను మంచానికీ టేబుల్‌కూ నడుమ నేల మీద ఒక పక్కకు పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. మూతి ఒక వైపుకు లాగేసింది. కుడి చేయి ఒంటి కింద నలిగిపోయి ఉంది. నన్ను చూశాడు. నేను వచ్చినట్టు అతనికి తెలిసింది, నోట మాట రాలేదు. ఎంతసేపటి నుంచి అలా పడి ఆ శబ్దం వింటున్నాడో! నేను పెట్టిన కేకకు పక్క ఫ్లాట్ల వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

హైవే మీది ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో మేనేజర్‌కు ఫోన్ చేశాను. పాపం, చేతిలో పని వదిలేసి మా వెనకే వచ్చేశాడు. డాక్టర్ చిన్నామె, గబగబా మాట్లాడుతోంది. మెదడులో నరానికి రక్తపు గడ్డ అడ్డుపడిందని చెప్పింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉందట. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలట. దాటాక ఇస్తే మెదడులో రక్తం చిమ్మి ప్రాణానికే ముప్పు రావచ్చట. "ఆఖరుసారి బాగున్నట్టు ఎప్పుడు చూశారు? సరిగ్గా చెప్పండి," అని అడిగింది.

"మూడింటికి కూడా ఆన్‌లైన్‌లోనే ఉన్నాడండీ, నేను చూశాను," అన్నాడు మేనేజర్. ఫోన్ తీసి చూపించబోయాడు. "ఇదిగోండి, ఇప్పుడు కూడా..." అంటూ ఆగిపోయాడు.

మేమిద్దరం ఆ తెరను చూశాం. అతని పేరు పక్కన చుక్క పచ్చగా ఉంది. ఆ పేరు గల మనిషి మాకు మూడడుగుల దూరంలో, కర్టెన్ వెనక స్ట్రెచర్ మీద ఉన్నాడు. మేనేజర్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నా వైపు చూడలేదు. "మూడు వరకు అయితే ఖాయమండీ," అన్నాడు డాక్టర్‌తో, కొంచెం మెల్లగా. అప్పటికి టైము నాలుగు కావస్తోంది. "అయితే టైముంది," అని ఆమె నర్సుకు ఇంజెక్షన్ సిద్ధం చేయమని చెప్పింది.

వెంటనే నోరు తెరిచానని రాసుకోవాలని నాకూ ఉంది. తెరవలేదు. నర్సు అటు వెళ్లింది, మందు తీసింది, దాని మీది అక్షరాలు ఇంకో నర్సుకు చదివి వినిపించింది. ఆ కాసేపట్లో నేను ఆలోచించింది శుక్రవారం మీటింగ్ గురించి. నా పేరు ఎలా చదువుతారు, ఎంతసేపు ఆగుతారు అని. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు అంతకుముందు తెలియదు.

నర్సు సూది పట్టుకుని కర్టెన్ పక్కకు జరిపింది.

"ఆగుండ్రి మేడం," అన్నాను. "ఆ చుక్క అబద్ధం. ఈ తమ్ముడు మౌస్ కింద వాచీ పెడ్తడు. పది దాటినంక ఈయనను ఎవ్వరు చూడలే."

డాక్టర్‌కు ముందు అర్థం కాలేదు. నాతో మళ్లీ చెప్పించింది. మేనేజర్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వాచీ పెడతాడని చెప్పాను. నేర్పింది నేనని చెప్పలేదు. డాక్టర్‌కు కావలసింది టైమే కదా, మిగతాది ఆమెకెందుకని ఆ క్షణంలోనే సర్దిచెప్పుకున్నాను.

ఇంజెక్షన్ ఆపేశారు. మరో స్కాన్ తీసి, తొడ దగ్గరి నరం గుండా సన్నని గొట్టం పంపి ఆ గడ్డను బయటికి లాగారు. బతికాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మీరు చెప్పకపోతే ఏమయ్యేదో అని డాక్టర్ మర్నాడు నా చేయి పట్టుకుంది. ఆ చేయి నేను విడిపించుకోలేదు.

అతను ఐసీయూలో ఉన్న ఆ అయిదు రోజులూ చుక్క పచ్చగానే ఉంది. భార్య పరుగున వచ్చింది. బట్టల కోసం ఫ్లాట్‌కు వెళ్లినా ఆఫీసు లాప్‌టాప్ అని దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. ఇంకో విభాగం వాళ్లెవరో ఏదో పని ఎంతవరకు వచ్చిందని అతనికి మెసేజ్ పెట్టారట, ఉండి కూడా పలకడం లేదని మాకు ఫిర్యాదు కూడా చేశారు. శుక్రవారం మేనేజర్ అలవాటు కొద్దీ ఆ వారం నివేదికను అందరికీ తెర మీద చూపించాడు. వారమంతా ఒక్క నిమిషం కూడా కదలకుండా లేని మనిషి ఎవరంటే, అతనే. అందరికంటే పైన అతని పేరు. పద్నాలుగు మందిమి చూశాం. శనివారం నేనే వెళ్లి మౌస్‌ను వాచీ మీద నుంచి తీశాను. చుక్క పసుపయ్యేదాకా ఆ చీకటి గదిలో పది నిమిషాలు నిలబడ్డాను.

నేను ఆసుపత్రిలో అన్న మాట మేనేజర్ పైకి చెప్పక తప్పలేదు. విచారణ మొదలైంది. అందరికీ ఒక కాగితం పంపారు. ఇలాంటిది నేనెప్పుడూ చేయలేదు, చేసినవాళ్లు నాకు తెలియదు, అని. పద్నాలుగు మందీ సంతకం పెట్టాం. క్యాంటీన్‌లో అందరి నోటా అతని మాటే. పాపం అనేవాళ్లు, అంటూనే తప్పు చేశాడు కదా అనేవాళ్లు. అతని దగ్గరే కిటుకు నేర్చుకున్న ఒకామె, "అట్లాంటి మనిషని అస్సలు అనుకోలేదండీ," అని నాతో అంది. నేను తలూపాను. అందరూ నటిస్తున్నారని మొదట అనుకున్నాను. రెండు వారాలు పోయాక చూస్తే ఎవరి మొహంలోనూ నటన లేదు. మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. నేను కూడా ఒకరోజు అతని మీద విసుక్కుంటూ నాకు నేనే దొరికిపోయాను, ఇంత గొడవ తెచ్చిపెట్టాడని. నా మీద నాకు భయం వేసింది అప్పుడే. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇంకో నెలకు తట్టుకోలేక మేనేజర్ గదికి వెళ్లాను. నేర్పింది నేనే సార్ అని చెప్పాను. ఆయన లేచి తలుపు మూశాడు.

"ఫైలు మూసేశారండీ. ఒకరు దొరికారు, వాళ్లకు సరిపోయింది. ఇప్పుడు మీరు చెబితే మిగతావాళ్లనీ అడుగుతారు. అందరినీ అడిగితే నన్నూ అడుగుతారు కదండీ." కొంచెంసేపు తన మౌస్ వంక చూశాడు. "మీరు రాలేదు, నేను వినలేదు. టీ తాగుతారా?"

నాకు హాయిగా అనిపించింది. ఎందుకు దాచాలి, లిఫ్టులో దిగేటప్పుడు నిజంగా తేలిగ్గా అనిపించింది. కారు దగ్గరికి వచ్చాక సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసు వినకపోతే పోయింది, అతని భార్యకైనా చెప్పాలనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. ఆమె లాంగ్ లీవ్ పెట్టి ఇక్కడే ఉంటోంది. అతన్ని బాల్కనీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. మాటలు నేర్పే ఆమె రోజు మార్చి రోజు వస్తోందట. నీళ్లు, చాలు, అక్కా, అలా ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయట. నేను చెప్పాల్సింది గుండెలో వరసగా పేర్చుకుని వచ్చాను. నేను నోరు తెరిచేలోపే ఆమె మొదలుపెట్టింది.

"విచారణ అప్పుడు ఆఫీసు నుంచి ఇద్దరొచ్చినారక్కా. ఎవురు నేర్పించినారో చెప్తే ఉద్యోగం తీసెయ్యకుండా చూస్తామన్నారు. అప్పటికి ఈయనకు ఒక్కో మాటే వస్తాండె. చెప్పు, చెప్పు అని నేను గూడా పీడించినా. నోరు తిప్పి తిప్పి, చెమటలు పట్టి చెప్పినాడక్కా. ఎవురూ నేర్పలే, నేనే, అని. ఉద్యోగం పోతే పోయింది, మాటలు కలిపి చెప్పింది అదే మొదలు. మాటలు నేర్పే మేడమ్ గూడా ఎంత సంతోషపడిందో!"

ఆమె కళ్లు మెరుస్తున్నాయి. అతను నన్నే చూస్తున్నాడు. బాగున్న ఎడమ చేతి వేళ్లు కుర్చీ చేతి మీద రెండుసార్లు అటూ ఇటూ ఊపాడు, వద్దన్నట్టు.

"అక్కకు గూడా ఒకసారి చెప్పు, ఎట్ల చెప్పినావో," అని ఆమె అతన్ని అడిగింది.

అతను కళ్లు మూసుకున్నాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. "ఎవురూ... నేర్పలే," అన్నాడు. "నేనే." ఆగి ఊపిరి పీల్చుకుని కళ్లు తెరిచాడు. "అక్కకు... తెల్దు."

"చూసినావా అక్కా, ఇంకో రెండు మాటలు కలిపినాడు!" అని అతని భార్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తోడుగా నేనూ కొడతానని ఎదురుచూస్తూ నా వైపు తిరిగింది.

కొట్టాను.